కాలు పోయిన రేసు గుర్రాన్ని స్టడ్‌కి పంపడం ఎలా: ఎనిమిదో వంతు ఓనరు అనుభవం

పొద్దున ఆరుంబావుకి ట్రైనర్ ఫోన్ చేశాడంటే అది మంచి వార్త కాదు. మంచి వార్తలు తొమ్మిది దాటాక, కాఫీలయ్యాక, వాట్సాప్‌లో నవ్వు మొహాల బొమ్మలతో వస్తాయి. నాకు ఆ ఫోన్ వచ్చేసరికి ఇంకా దుప్పట్లోనే ఉన్నాను. ఆయన అన్నది మూడే ముక్కలు: "ఎడమ ముందుకాలు. టెండన్. ఒకసారి రండి."

మాది పెద్ద స్టేబులేం కాదు. ఎనిమిది మందిమి కలిసి కొన్న ఒక ఫిల్లీ, అంటే కుర్ర ఆడ గుర్రం, అందులో నాది ఎనిమిదో వంతు, అంటే లెక్క ప్రకారం సగం కాలు. పాడైంది కచ్చితంగా నా సగం కాలేనని మిగతా ఏడుగురూ ఇప్పటికీ ఏడిపిస్తారు. రిజిస్టర్‌లో దానికి గంభీరమైన పేరుంది గానీ మేం చిట్టి అనేవాళ్లం. నాలుగు రేసులు గెలిచింది. చాంపియన్ కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు.

చాంపియన్ గుర్రం గురించైతే పేపర్లో రెండు వాక్యాలు వస్తాయి, కాలికి గాయమైంది, స్టడ్‌కి (పిల్లల కోసం గుర్రాల్ని ఉంచే ఫార్మ్‌కి) రిటైర్ చేశారు, అంతే. ఆ రెండు వాక్యాల మధ్యలో ఎంత పనుందో, ఎన్ని చోట్ల మోసపోవచ్చో మాకు డబ్బు పోసి తెలుసుకోవాల్సి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ సిండికేట్‌లో, అంటే ఇలా కలిసి కొనే గుంపులో, ఐదు శాతం, పది శాతం కొనుక్కున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి వారం ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు

టెండన్ అంటే మోకాలి కింద వెనకవైపు తాడులా దిగే నరం లాంటిది. నిజానికి నరం కాదు, స్నాయువు. మామూలుగా చేత్తో నిమిరితే బిగించిన తాడులా సాఫీగా తగులుతుంది. దెబ్బ తింటే అక్కడ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, పక్కనుంచి చూస్తే అరటిపండు అతికించినట్టు వంపు తిరుగుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతున్నప్పుడు ఒక్కో క్షణంలో భారమంతా ఒకే కాలి మీద పడుతుంది, ఆ క్షణంలో కాలు మోసేది దాని ఒంటి బరువుకి రెండింతలపైనే. అందులో ఒక పోగు తెగితే ఆ రోజు పెద్దగా తెలియదు, మర్నాడు పొద్దున తెలుస్తుంది.

అందుకే అందరికంటే ముందు తెలిసేది సైస్‌కి, అంటే రోజూ గుర్రాన్ని చూసుకునే మనిషికి. మా సైస్ ముళబాగిలు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. నేను వెళ్లేసరికి ఐసు బకెట్ ముందు గొంతు కూర్చుని ఉన్నాడు. "రాత్రే చెయ్యి పెట్టి చూస్తిని సార్, కొంచెం వెచ్చగా ఉండె. చెప్తిని. పొద్దున చూద్దాంలే అనిరి" అన్నాడు. ఆ పొద్దున ఆ కాలితోనే దాన్ని ట్రాక్‌కి తీసుకెళ్లారు. ఎవరు అన్నారు, ఎందుకు అన్నారు అని తవ్వితే ఇప్పుడు వచ్చేదేం లేదు గానీ, మీరు వాటా కొన్న మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది: మీ గుర్రాన్ని చూసుకునే సైస్ నంబరు తీసుకోండి, పండక్కి పబ్బానికి ఆ మనిషిని మర్చిపోకండి. ట్రైనర్ దగ్గర అరవై గుర్రాలుండొచ్చు, సైస్ దగ్గర రెండో మూడో ఉంటాయి.

తర్వాత పనులు తేలికైనవే. మొదటి రెండు రోజులు రోజుకి మూడు నాలుగు సార్లు, ఇరవై నిమిషాల చొప్పున చన్నీళ్లు లేదా ఐసు. కాలికి గట్టి కట్టు, రెండో ముందుకాలికి కూడా కట్టు, ఎందుకంటే నొప్పి ఉన్న కాలు ఎత్తేసి భారమంతా దాని మీదే వేస్తుంది. బాక్సులోంచి, అంటే దాని గదిలోంచి, బయటికి తీయొద్దు. వాపు తగ్గించే మందు డాక్టర్ ఇస్తారు. ఆ మందు పడ్డాక గుర్రం హాయిగా నడుస్తుంది, మీకు ప్రాణం లేచొస్తుంది, "ఏం కాలేదు, ఉత్త బెణుకే" అనే మాట స్టేబుల్లో పుడుతుంది. ఆ మాట నమ్మొద్దు. నొప్పి తగ్గడం వేరు, తెగిన పోగు అతుక్కోవడం వేరు.

స్కాన్ విషయంలో తొందరపడి మేం ఒకసారి డబ్బు దండగ చేసుకున్నాం. మర్నాడే అల్ట్రాసౌండ్ తీయించాం, చిన్నదే అన్నారు, మా గ్రూపులో పండగ. వారం తర్వాత తీస్తే అసలు సంగతి బయటపడింది. గాయం మొదటి కొన్ని రోజుల్లో ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఏడు నుంచి పది రోజుల తర్వాత తీసిన స్కానే లెక్క. అందులో టెండన్‌ని అడ్డంగా కోసినట్టు గుండ్రంగా చూపిస్తారు, మధ్యలో నల్ల మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ మొత్తంలో ఎంత శాతం, పొడవు ఎన్ని సెంటీమీటర్లు అని అడగండి. "కొంచెం", "పర్లేదు" లాంటి జవాబులకి సరే అనకండి. ఎముక అనుమానం ఉంటే ఎక్స్‌రే కూడా అంతే, వెంట్రుకలాంటి సన్నటి చీలిక మొదటి రోజు కనపడకపోయి రెండు వారాలకి కనపడొచ్చు.

రేసు మధ్యలో ఎముక విరిగితే మాత్రం ఇదంతా వేరే కథ. అప్పుడు బతికించాలా వద్దా అనే నిర్ణయం మీ చేతిలో ఉండదు, రేసు వెనకే అంబులెన్స్‌లో వచ్చే డాక్టర్ చేతిలో ఉంటుంది. ఆయన వద్దంటే బతిమాలకండి. అమెరికాలో బార్బరో అనే గుర్రం 2006లో కెంటకీ డెర్బీ గెలిచి, రెండు వారాలకే ప్రీక్‌నెస్ రేసులో వెనకకాలు ముక్కలు చేసుకుంది. అక్కడ ఉన్నంత వైద్యం మన దగ్గర లేదు, డబ్బుకి లోటు లేదు, దేశమంతా ఉత్తరాలు రాసింది. అయినా ఎనిమిది నెలలు పోరాడి 2007 జనవరిలో బాధ లేకుండా ప్రాణం తీయాల్సి వచ్చింది. చంపింది విరిగిన ఎముక కాదు, లామినైటిస్, అంటే గిట్ట లోపల ఎముకని పట్టి ఉంచే పొర వాచి వదిలేయడం. ఒక కాలు దించలేని గుర్రానికి మిగతా కాళ్ల మీద ఎక్కువ భారం పడి అది వస్తుంది. మనిషిలా మంచం మీద పడుకోబెట్టి కాలు పైకి కట్టేసే అవకాశం గుర్రానికి లేదు.

మళ్లీ పరిగెత్తించాలా, ఆపేయాలా

ఎక్కువ గొడవలు జరిగేది ఇక్కడే. మా ఎనిమిది మందిలో ముగ్గురు ఆపేద్దాం, ఇద్దరు చూద్దాం, ఒకాయన ఏదో ఒకటి తేల్చండి, ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ఇంతలో బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, పేరు వద్దులెండి, "ఇంజెక్షన్ వేసి ఆరు వారాల్లో దింపుదాం, ఒక్క రేసు గెలిస్తే ఖర్చులు వచ్చేస్తాయి, తర్వాత స్టడ్‌కి పంపండి" అన్నాడు. వినడానికి బాగుంది. నిజం చెప్పాలంటే ఒక సాయంత్రమంతా నేనూ ఊగాను.

టెండన్‌కి రక్తప్రసరణ తక్కువ, అందుకే మానడం చాలా నెమ్మది. తొమ్మిది నెలల నుంచి ఏడాది పట్టడం మామూలు. మానిన చోట పాత పోగులు తిరిగి రావు, మచ్చ కణజాలం వస్తుంది, దానికి సాగే గుణం తక్కువ. కాబట్టి మళ్లీ పూర్తి వేగంతో పరిగెత్తినప్పుడు అదే చోటో, దాని పైనో కిందో, ఇంకోసారి తెగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మూల కణాలు, గుర్రం సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించడం లాంటివి ఇప్పుడు చేస్తున్నారు, మానే తీరు కొంత మెరుగవుతుందంటారు, కాలం మాత్రం పెద్దగా తగ్గదు.

ఇప్పుడు ఆ ఏడాదిని క్యాలెండర్ మీద పెట్టి చూడండి. బెంగళూరులో ఎండాకాలం సీజన్ మేలో మొదలవుతుంది, చలికాలం సీజన్ నవంబరు ప్రాంతంలో. పెద్ద రేసులు చాలా వరకు వయసుకి ముడిపడి ఉంటాయి. ముంబయి మహాలక్ష్మిలో ఫిబ్రవరి మొదట్లో జరిగే ఇండియన్ డెర్బీ నాలుగేళ్ల గుర్రాలకే, ఆ ఏడాది తప్పితే జన్మలో ఇంక లేదు. మన దేశంలో రేసు గుర్రాలన్నింటికీ పుట్టినరోజు జనవరి 1 అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, మే నెలలో పుట్టినా సరే జనవరి రాగానే ఒక ఏడు మీద పడుతుంది. చాంపియన్లని చిన్న వయసులోనే ఎందుకు ఆపేస్తారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఏడాది వైద్యం చేయించి తిరిగొచ్చేసరికి గెలవాల్సిన రేసులు దాటిపోయి ఉంటాయి, ఓడితే ఉన్న పేరు పలచబడుతుంది, ఆ పేరే కదా స్టడ్‌లో ధర. జస్టిఫై 2018 ఫిబ్రవరిలో మొదటి రేసు పరిగెత్తి జూన్‌కల్లా అమెరికా ట్రిపుల్ క్రౌన్ (అక్కడి మూడు పెద్ద రేసులు) గెలిచేసింది, ఆరుకి ఆరు. జులైలో ముందుకాలి చీలమండ దగ్గర వాపు తగ్గట్లేదని రిటైర్ చేశారు. ఇంకో ఏడాది చూడాల్సిందని అభిమానులు తిట్టుకున్నారు. ఓనర్ల వైపు నుంచి చూస్తే ఏడో రేసులో గెలవడానికి కొత్తగా ఏమీ లేదు, పోగొట్టుకోవడానికి మాత్రం బోలెడంత.

చిట్టి సంగతి అంత ఖరీదైనది కాదు గానీ లెక్క అదే. మచ్చ పెద్దదే, వయసు ఐదు నడుస్తోంది, మాన్పించి తెచ్చేసరికి ఆరు. అప్పటిదాకా రేసుకోర్సులో ఉంచితే నెల నెలా ట్రైనింగ్ ఫీజు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అనలేదు పెద్దలు. ఆపేశాం. ఆ పెద్దమనిషి ఇంజెక్షన్ ఐడియా మీద చివరి మాట మా సైస్‌ది: "దానికి నోరుంటే అడుగుదురు సార్."

ఒక జాగ్రత్త. నిర్ణయం తీసుకున్న రోజే అందరి సంతకాలతో కాగితం మీద పెట్టండి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ సంతకం కాదు. మూడు నెలల తర్వాత ఖర్చులు వచ్చినప్పుడు "నేనెప్పుడు ఒప్పుకున్నాను" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు.

స్టడ్ అనే మాట అందరికీ వర్తించదు

కాలు పోగానే "స్టడ్‌కి పంపేద్దాం" అనడం అందరికీ అలవాటు, పెన్షన్ ఇచ్చి పంపినట్టు. స్టడ్ ఫార్మ్ ముసలి గుర్రాల ఆశ్రమం కాదు. అక్కడ మీ గుర్రానికి ఉద్యోగం దొరకాలి, ఆ ఉద్యోగం ఎవరో ఒకరు ఇవ్వాలి.

మగదైతే ఆ ఉద్యోగం దొరకడం చాలా కష్టం. ఒక స్టాలియన్, అంటే పిల్లల కోసం ఉంచిన మగ గుర్రం, ఒక సీజన్‌లో పదుల కొద్దీ ఆడ గుర్రాలకి సరిపోతుంది కాబట్టి దేశానికి కావాల్సినవి కొద్ది స్టాలియన్లే. వాటిలోనూ మన ఫార్మ్‌లు ఎక్కువగా విదేశాల నుంచి తెచ్చిన వాటినే నమ్ముకుంటాయి. రజీన్ సంగతే చూడండి, నార్తర్న్ డ్యాన్సర్ కొడుకు, ఇంగ్లండ్‌లో 1990 ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనకపడిపోయింది. ఆ ఓడిన గుర్రమే ఉషా స్టడ్‌కి వచ్చి మన దేశంలో ఏళ్ల తరబడి చాంపియన్ సైర్‌గా, అంటే పిల్లల గెలుపుల లెక్కలో మొదటి తండ్రి గుర్రంగా ఏలింది. అంటే ఫార్మ్ వాళ్లు చూసేది గెలిచిన కప్పులు మాత్రమే కాదు, రక్తం. మీ కోల్ట్ (కుర్ర మగ గుర్రం) బెంగళూరు డెర్బీ గెలిచినా సరే, తల్లి వైపు వంశం పలచగా ఉంటే ఫార్మ్ వాళ్లు ఫొటో చూసి "మంచి గుర్రమండీ" అని ఊరుకుంటారు.

అయితే గాయం వల్ల ఆపేసినంత మాత్రాన విలువ పోదు. జపాన్‌లో ఆగ్నెస్ టాకియాన్ అనే కోల్ట్ నాలుగు రేసులు పరిగెత్తి నాలుగూ గెలిచింది, 2001లో సత్సుకి షో అనే పెద్ద రేసు గెలిచాక టెండన్ పోయింది. స్టడ్‌లో పెట్టారు, 2008లో జపాన్‌కే నంబర్ వన్ సైర్ అయింది. కింగ్ కామేహామేహా కూడా అంతే, 2004 జపాన్ డెర్బీ గెలిచి అదే ఏడాది టెండన్‌తో ఆగిపోయి, తర్వాత 2010, 2011లో ఆ స్థానం సంపాదించింది. టెండన్ తెగడం దానికదే పిల్లలకి రాదు. వచ్చేది కాళ్ల నిర్మాణం. మోకాలు వెనక్కి వంగినట్టు ఉండటం, గిట్ట పైభాగం మరీ పొడవుగా వాలి ఉండటం లాంటివి ఉంటే, ఆ కాలు ఎందుకు పోయిందో అదే కారణం పిల్లకీ అందుతుంది. ఫార్మ్ మనిషి వచ్చి గుర్రాన్ని పక్కనుంచి, ముందు నుంచి పది నిమిషాలు మాట్లాడకుండా చూస్తాడే, అప్పుడు చూసేది ఇదే.

ఏ కాలు అన్నదీ ముఖ్యమే. మగ గుర్రం ఆడదాన్ని దాటేటప్పుడు, అంటే జత కట్టేటప్పుడు, బరువంతా వెనకకాళ్ల మీద పడుతుంది. ముందుకాలి టెండన్ అయితే పని నడుస్తుంది. వెనకకాలిదో నడుముదో గాయమైతే డాక్టర్‌ని అడక్కుండా ఎవరికీ మాటివ్వకండి. థారోబ్రెడ్‌లలో, అంటే ఈ రేసు గుర్రాల జాతిలో, కృత్రిమ గర్భధారణ చెల్లదు, అలా పుట్టిన పిల్లని ఏ దేశపు స్టడ్‌బుక్‌లోనూ (వంశాల రిజిస్టర్‌లో) రాయరు, కాబట్టి పనంతా నేరుగా జరగాల్సిందే.

ఇంకోటి, ఎవరూ ముందే అడగడానికి ఇష్టపడనిది. పనికొస్తుందా లేదా? సిగార్ వరసగా 16 రేసులు గెలిచి 1996లో మొట్టమొదటి దుబాయ్ వరల్డ్ కప్ కొట్టుకొచ్చిన గుర్రం, స్టడ్‌కి పంపితే ఒక్క ఆడ గుర్రం కూడా చూడి కట్టలేదు. వార్ ఎంబ్లెమ్ 2002లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ రెండూ గెలిస్తే జపాన్ వాళ్లు ఎంతో పెట్టి కొనుక్కెళ్లారు. దానికి ఆరోగ్యం బాగానే ఉంది, ఆడ గుర్రాల మీద మనసే లేదు. ఏళ్ల తరబడి బతిమాలినా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సీజన్లలోనే కాస్త కరుణించింది. అందుకే మగ గుర్రాన్ని అమ్మేటప్పుడు గానీ కొనేటప్పుడు గానీ పరీక్షలు అయ్యాకే డబ్బు మాట్లాడుకోండి. పెద్ద గుర్రాలకి దీనికని విడిగా ఇన్సూరెన్స్ చేయిస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఒకటుంది. దుబాయ్ మిలీనియం 2000 ఆగస్టులో కాలు విరిగి రిటైరై, స్టడ్‌లో ఒక్క సీజన్ పూర్తి చేసేలోపే 2001లో పచ్చికలో మేసే గుర్రాలకి వచ్చే గ్రాస్ సిక్‌నెస్ అనే జబ్బుతో పోయింది. మిగిలినవి 56 పిల్లలు. వాటిలో ఒకటి దుబావి, ప్రపంచంలో అత్యంత ఖరీదైన స్టాలియన్లలో ఒకటైంది. ఈ వ్యాపారంలో లెక్కలు ఎంత వేసినా ఇలాంటివి లెక్కలో రావు, అందుకే మనలాంటివాళ్లు ఇంకా వాటాలు కొంటూనే ఉన్నాం.

గెల్డింగ్ అయితే, అంటే విత్తులు తీయించిన మగ గుర్రమైతే, స్టడ్ మాటే లేదు. మంచి రైడింగ్ స్కూల్ వెతకండి. వెళ్లి మీ కళ్లతో నీళ్లు, నీడ, గిట్టలు చూసి రండి, రేసులకి కాదు అని కాగితంలో రాయించండి. ఊరికే ఇస్తున్నాం కదా అని అడిగినవాడికల్లా ఇవ్వొద్దు. రేసుల్లో పరిగెత్తిన గుర్రాలు పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ముందు తేలడం ఎవరికీ తెలియని సంగతి కాదు.

ఆడదైతే ఇలా

ఫిల్లీకి దారి విశాలం. స్టాలియన్లు కొద్దే సరిపోతాయి గానీ తల్లులు చాలా కావాలి. చిట్టి నాలుగు రేసులు గెలిచింది, దాని తల్లి కడుపున పుట్టిన ఇంకో గుర్రం ఒక పెద్ద రేసు గెలిచి ఉంది, అది మా అదృష్టం. ఫార్మ్‌లకి ఫోన్ చేసే ముందు వంశవృక్షం కాగితం, రేసుల రికార్డు, స్కాన్ రిపోర్టు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, నడుస్తున్న వీడియో ఒకటి దగ్గర పెట్టుకోండి. గాయం దాచకండి, ఎలాగూ వాళ్ల డాక్టర్ వచ్చి నిమిరి చూస్తాడు. ముందుకాలి టెండన్ తల్లి అవడానికి అడ్డం కాదు. చూడి చివరి నెలల్లో బరువు పెరిగి కుంటకుండా చూసుకోవాలి, అంతే. కటి ఎముక విరిగి మానిన ఫిల్లీ అయితే మాత్రం ఈనేటప్పుడు పిల్ల అడ్డం పడే ప్రమాదం ఉంది, ముందే పరీక్ష చేయించాలి.

ఒప్పందాలు రకరకాలుగా ఉంటాయి. అమ్మేయడం అన్నింటికంటే శుభ్రం. డబ్బు తక్కువే వస్తుంది గానీ రాత్రి నిద్ర వస్తుంది. రెండోది, గుర్రం మనదిగానే ఉంచుకుని ఫార్మ్‌లో నెలకింత అని కట్టడం, స్టాలియన్ ఫీజు మనమే భరించడం, పిల్ల మనదే. వినడానికి రాజసంగా ఉంటుంది, ఖర్చు కూడా అలాగే ఉంటుంది. మూడోది మధ్యస్తం, ఫార్మ్ వాళ్లు మేపుతారు, వాళ్ల స్టాలియన్‌నే వాడతారు, పుట్టిన పిల్లల్లో వాటానో, ఏడాది విడిచి ఏడాదో, వేలంలో అమ్మిన డబ్బులో సగమో. మేం మూడోదానికి వెళ్లాం. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, తల్లి ఒక ఏడాది చూడి కట్టకపోతే ఆ ఏడాది మేపిన ఖర్చు ఎవరిది. రెండోది, ఫీజు దేనికి కడుతున్నాం, దాటించినందుకా లేక పుట్టిన పిల్ల లేచి నిలబడి పాలు తాగితేనా. మూడోది, తల్లి ఇంక పనికిరాని వయసొచ్చాక దాన్ని ఎవరు పోషిస్తారు. మూడోదానికి ఎదుటివాడు నవ్వేసి మాట మారిస్తే ఆ ఫార్మ్ వద్దు.

డబ్బు తిరిగొచ్చే లెక్క కూడా ముందే వేసుకోవాలి, లేకపోతే సిండికేట్‌లో స్నేహాలు చెడతాయి. దాటించే కాలం సుమారుగా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. కడుపు పదకొండు నెలలు, 340 రోజులనుకోండి. 2026 ఫిబ్రవరిలో దాటిస్తే 2027 జనవరిలో ఈనుతుంది. ఆ పిల్లకి రెండేళ్ల వయసు లెక్కలోకి వచ్చేది 2029 జనవరి 1న, మొదటి రేసు ఆ ఏడాది చివర్లో, అన్నీ బాగుంటే. అంటే ఇంచుమించు నాలుగేళ్లు ఒక్క రూపాయి కనపడదు. మా గ్రూపులో ఈ లెక్క చెప్పగానే ఇద్దరు వాటా అమ్మేసుకున్నారు. ముందే అమ్ముకోవడం మంచిదైంది. ఒకటే భయం, పిల్ల డిసెంబరు 30న పుట్టకూడదు. రెండు రోజులకే దానికి ఏడాది నిండినట్టు లెక్క, జీవితాంతం తనకంటే పదకొండు నెలలు పెద్దవాటితో పరిగెత్తాలి.

కాగితాలు, ప్రయాణం

గుర్రానికి పాస్‌పోర్ట్ ఉంటుంది, ఒంటి మీది గుర్తులు, సుడులు అన్నీ బొమ్మ గీసి రాసి ఉంటాయి. అది ట్రైనర్ దగ్గర ఉందో రేసులు నడిపే టర్ఫ్ క్లబ్బు ఆఫీసులో ఉందో ముందు కనుక్కోండి. ట్రైనర్‌కి బాకీ ఉంటే అది సులభంగా చేతికి రాదు, బాకీలు తీర్చాకే రిటైర్ మాట ఎత్తండి. రేసులకి ఇంక కాదని టర్ఫ్ క్లబ్బుకి రాసివ్వాలి. తల్లిగా మారుతున్న సంగతి, ఓనర్ల పేర్లు పుణెలోని స్టడ్‌బుక్ అథారిటీలో నమోదు కావాలి. అక్కడ తల్లి పేరు సరిగ్గా ఎక్కకపోతే పుట్టిన పిల్ల ఎంత అందంగా ఉన్నా రేసుల లెక్కలో అది ఎవరి పిల్లా కాదు. పిల్లకి డీఎన్‌ఏ పరీక్ష చేసి తల్లిదండ్రులు వాళ్లేనని తేలాకే రాస్తారు.

రాష్ట్రం దాటించాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, గ్లాండర్స్ లేదన్న రక్తపరీక్ష కావాలి. గ్లాండర్స్ గుర్రాల నుంచి మనుషులకీ అంటుకునే జబ్బు, తేలిక జబ్బు కాదు. ఈ పరీక్షలకి పెద్ద సంస్థ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. ఫలితం రావడానికి రోజులు పడుతుంది, బండి మాట్లాడేసి తర్వాత పరీక్షకి పరిగెత్తకండి. కర్ణాటకలోనే ఫార్మ్ దొరికితే తలనొప్పి తగ్గుతుంది. బెంగళూరు నుంచి హాసన్ రోడ్డులో 70 కిలోమీటర్లు వెళ్తే కుణిగల్, అక్కడ టిప్పు సుల్తాన్ కాలంలో సైన్యానికి గుర్రాలు పెంచిన చోటే తర్వాత రేసు గుర్రాల స్టడ్ ఫార్మ్ అయింది. ఆ వైపు గాలికీ గడ్డికీ రెండు వందల ఏళ్ల పేరు ఊరికే రాలేదు.

గుర్రాల బండిని ఫ్లోట్ అంటారు. గాయమైన కాలుతో మొదటి నెలలోనే ఎక్కించొద్దు, బండి బ్రేకు వేసిన ప్రతిసారీ గుర్రం నాలుగు కాళ్లూ బిగపట్టి నిలబడాలి. తెల్లవారుజామున బయల్దేరితే యశ్వంతపురం, నెలమంగల ట్రాఫిక్ తప్పుతుంది. చిట్టి ఎక్కనని మొరాయించింది. అరగంట బెల్లం ముక్కలు చూపించి, బతిమాలి, చివరికి సైస్ తనే ముందు ఎక్కి లోపల కూర్చుంటే వెనకే ఎక్కేసింది. తిరుగు ప్రయాణంలో అతను నాతో కార్లోనే వచ్చాడు. నెలమంగల దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఫార్మ్‌లో మొదటి నెలలు

రేసు గుర్రాన్ని తీసుకెళ్లి నేరుగా పచ్చిక బయల్లో వదిలితే అది చేసే మొదటి పని పరిగెత్తడం. ఆ ఒక్క పరుగుతో మానుతున్న కాలు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ముందు బాక్స్, తర్వాత చేత్తో పట్టుకుని రోజుకి ఐదు పది నిమిషాల నడక, అది వారం వారం పెంచుతూ పోవడం, తర్వాత చిన్న దడిలో, అప్పుడు పెద్ద బయల్లో. లాడాలు తీసేస్తారు. వేడి పుట్టించే ఓట్స్ దాణా క్రమంగా తగ్గించి గడ్డి పెంచుతారు, ఒకేసారి మారిస్తే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి కడుపునొప్పి ప్రాణాంతకం. ఆ కొన్ని నెలల్లో కండలన్నీ కరిగి, పొట్ట వచ్చి, జూలు చిందరవందరై, చూస్తే మీ గుర్రమేనా అనిపిస్తుంది. ఫోన్ చేసి గొడవపడకండి. నేను పడ్డాను, ఫార్మ్ మేనేజర్ ఓపిగ్గా విని, "ఇప్పుడే సార్ అది గుర్రం లాగా ఉంది" అన్నాడు.

డిసెంబరు మొదట్లో రాత్రిళ్లు బాక్సులో లైట్లు వేస్తారు, పగలు రాత్రి కలిపి పదహారు గంటల వెలుతురు వచ్చేలా. పగలు పొడవయ్యిందని ఒంటికి అనిపిస్తే ఫిబ్రవరికల్లా ఎదకొస్తుంది, లేకపోతే ఏప్రిల్ దాకా ఆలస్యం కావొచ్చు. ఎద మూడు వారాలకోసారి. దాటించాక పద్నాలుగు, పదహారు రోజుల మధ్య స్కాన్ తప్పనిసరి, కవలలు ఉన్నాయేమో చూడటానికి. మేకలకి కవలలు సంతోషం, గుర్రానికి గండం, రెండూ నిలవవు. ఆ దశలోనే డాక్టర్ ఒకదాన్ని తీసేస్తారు. ఈ స్కాన్ తేదీ మీరు క్యాలెండర్‌లో రాసుకుని, ఆ రోజు ఫార్మ్‌కి ఫోన్ చేయండి.

చూడ్డానికి వెళ్లాలనుకుంటే ముందు చెప్పి వెళ్లండి, దాటించే కాలంలో పొద్దున వేళ వద్దంటారు. క్యారెట్లు తీసుకెళ్లొచ్చు, పొడుగ్గా నిలువునా కోసినవి, గుండ్రటి ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి. ఇంకో స్టేబుల్ నుంచి నేరుగా వెళ్తుంటే చెప్పులు మార్చుకోండి. లోపల హారన్ కొట్టకండి, పిల్లగుర్రాలు బెదిరి దడి మీద పడతాయి.